రాత్రి పదింటికి నొప్పొస్తే క్లినిక్‌కా, క్యాజువాలిటీకా? (శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి)

రామాలయం_వీధి

మా ఊరి యువజన సంఘం తరఫున గుడి దగ్గర గోడకి ఒక పెద్ద కాగితం అతికిద్దామనుకుంటున్నాం. ఊరు టెక్కలికీ పలాసకీ మధ్యన, హైవే దిగి 9 కిలోమీటర్లు లోపలికి. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉన్నారు, పక్కూళ్ళో పీహెచ్‌సీ ఉంది, టెక్కలిలో జిల్లా ఆస్పత్రి, అక్కడక్కడా నర్సింగ్‌హోములు, శ్రీకాకుళంలో పెద్దాస్పత్రి. ఎవరికేం వచ్చినా వరస ఒకటే. ముందు ఊళ్ళోనే సూది, తగ్గకపోతే నర్సింగ్‌హోము, అక్కడా కాకపోతే శ్రీకాకుళం, ఆఖరికి వైజాగు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగేసరికి తెల్లారిపోతోంది. దేనికి తిన్నగా ఎక్కడికెళ్ళాలి, ఏది పొద్దున్న దాకా ఆగొచ్చు? తెలిసినవాళ్ళు అంకెలతో సహా చెప్పండి. "అశ్రద్ధ చేయకండి" లాంటి మాటలొద్దు, గోడ మీద చోటు తక్కువ.

డ్యూటీ_ఎంవో

మంచి పని. నొప్పి ఎంత గట్టిగా ఉందన్నది కొలత కాదని ముందు రాయండి. పన్ను నొప్పి వచ్చినవాడు వీధి మొత్తాన్ని లేపుతాడు. పదేళ్ళుగా షుగరున్న పెద్దావిడ మాత్రం గుండెపోటుతో "కాస్త గ్యాసు పట్టినట్టుంది బాబూ" అంటూ నడిచొస్తుంది. షుగరుకి నరాలు మొద్దుబారితే గుండె నొప్పి సరిగ్గా తెలీదు.

అడగాల్సింది వేరే ఉంది. వచ్చే గంటలో ఈ మనిషికి ఏ వస్తువు కావాలి? ఈసీజీయా, ఆక్సిజనా, సీటీ స్కానా, పాముకాటు మందా, రక్తమా, కుట్లా? ఆ వస్తువు ఈ వేళకి దొరికే అన్నిటికన్నా దగ్గరి చోటుకి వెళ్ళాలి. ఏ వస్తువూ అక్కర్లేదు, మందు చీటీ చాలనుకుంటే అది క్లినిక్ పని, పొద్దున్నే.

ఆలోచన అక్కర్లేకుండా 108కి ఫోన్ చేయాల్సినవి కొన్ని. ఊపిరందక ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పిలిస్తే తిన్నగా పలకకపోయినా, ఫిట్సు 5 నిమిషాలు దాటినా, రెండు ఫిట్స్ మధ్యలో తెలివి రాకపోయినా. గాయాన్ని మడిచిన గుడ్డతో 10 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా. ఆ 10 నిమిషాలూ గడియారం చూస్తూ అదమండి. మధ్యలో "ఆగిందా?" అని నాలుగుసార్లు గుడ్డ ఎత్తి చూస్తే అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ప్రతిసారీ ఊడిపోతుంది.

ఇజీనారం_బావు

ఇదంతా ఏల బావు, గుండె నొప్పొస్తే తిన్నగా కారెక్కించి వైజాగు తీసుకుపోవడమే మంచిది. మధ్యలో ఎక్కడాగినా టైమ్ వేస్టు, చివరికి ఆళ్ళూ అక్కడికే రాసీస్తారు.

డ్యూటీ_ఎంవో

బావుగారూ, ఎక్కువ ప్రాణాలు పోయేది సరిగ్గా ఇక్కడే.

శ్రీకాకుళం నుంచి వైజాగు 110 కిలోమీటర్ల దాకా ఉంది. టెక్కలి, పలాస వైపు నుంచైతే ఇంకో గంటో, ఆపైనో కలుపుకోండి. గుండెపోటులో రక్తనాళం పూడిపోయిన క్షణం నుంచీ కండ చచ్చిపోతూ ఉంటుంది. ఆ గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షను మొదటి 3 గంటల్లో పడితే ఫలితం బాగుంటుంది, 12 గంటలు దాటాక సాధారణంగా వేయరు. దాన్ని వేయడానికి క్యాథ్‌ల్యాబ్ (గుండె నాళంలోకి గొట్టం పంపి స్టెంటు వేసే గది) అక్కర్లేదు. ఈసీజీ, దాన్ని చదివే డాక్టరు, మానిటరు, గుండె లయ తప్పితే షాకిచ్చే యంత్రం ఉంటే చాలు. రాష్ట్రంలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి స్థాయిలోనే దీన్ని ఉచితంగా వేసే ఏర్పాటుంది, ఈసీజీని పై ఆస్పత్రి గుండె డాక్టరుకి పంపి చూపించుకుంటారు. బయట కొంటే వేలల్లో ఉంటుంది. కాబట్టి దగ్గరి ఆస్పత్రిలో ఈసీజీ, ఇంజెక్షను, తర్వాత అంబులెన్సులో వైజాగు. స్టెంటు అవసరమా కాదా అక్కడ చూస్తారు.

కారులో మీరు తీసుకుపోయేటప్పుడు రణస్థలం దగ్గర గుండె లయ తప్పిందనుకోండి. కారులో షాకిచ్చే యంత్రం ఎక్కడిది?

ఏ నొప్పిని గుండె నొప్పి కింద లెక్కేయాలి అంటే: ఛాతీ మధ్యన బరువు పెట్టినట్టో, నొక్కినట్టో, మంటగానో ఉండి 15, 20 నిమిషాలు తగ్గనిది. ఎడమ చేతికీ, దవడకీ, వీపుకీ పాకేది. చల్లటి చెమట, వాంతి, ఆయాసం తోడైతే మరీను. 40 దాటినవాళ్ళకి బొడ్డు పైన కొత్తగా వచ్చిన "గ్యాసు" కూడా ఈసీజీ తీసేదాకా గుండె నొప్పే. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇంటికి పంపమని అడగొద్దు. నొప్పి ఉంటే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్ళీ తీస్తారు, గుండె కండ దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు.

మందులషాపు_తమ్ముడు

దీనికి నేనొకటి కలుపుతాను. ఛాతీ నొప్పికి ఊళ్ళో వేసే "గ్యాసు సూది"తో పాటు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ కూడా పిర్రకి వేసీస్తుంటారు. తర్వాత టెనెక్టిప్లేస్ వేయాల్సొస్తే ఆ సూది పొడిచిన కండలోకి రక్తం దిగిపోయి గడ్డ కట్టే ప్రమాదముంది. ఛాతీ నొప్పికి కండకి సూది వద్దు అని గోడ మీద పెద్దక్షరాలతో రాయండి.

ఆస్పిరిన్ 300 లేదా 325 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలి మింగాలి. ఇంట్లో 75వి ఉంటే నాలుగు. మింగేస్తే ఆలస్యంగా పని చేస్తుంది, నమిలితేనే తొందరగా. ఆస్పిరిన్ పడనివాళ్ళూ, కడుపులో పుండుండి రక్తం పోతున్నవాళ్ళూ వేసుకోకూడదు. నాలుక కింద పెట్టుకునే గుండె నొప్పి మాత్ర సార్బిట్రేట్ మాత్రం పక్కింటాయన దగ్గర తెచ్చి పెట్టొద్దు. బీపీ తక్కువున్నవాళ్ళకది ఇంకా పడిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు.

రామాలయం_వీధి

పక్షవాతానికి కూడా ఇదే పద్ధతా సార్? దగ్గరి ఆస్పత్రికేనా?

డ్యూటీ_ఎంవో

కాదు. ఇది గుండెపోటుకి రివర్సు.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి ఎత్తి పట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి ఒక పక్క చూపు పోవడం: ఇందులో ఏ ఒక్కటైనా చాలు. మెదడులో నాళం పూడిందా, చిట్లిందా అన్నది బయట నుంచి ఎంత పెద్ద డాక్టరుకైనా తెలీదు. సీటీ తీయాల్సిందే. పూడితే గడ్డ కరిగించాలి, చిట్లితే అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకే పక్షవాతానికి ఆస్పిరిన్ ఇంట్లో వేయకూడదు. సీటీ లేని ఆస్పత్రిలో రెండు గంటలు సెలైన్ ఎక్కిస్తే ఆ రెండు గంటలూ దండగ. రాత్రి పూట సీటీ నడుస్తున్న చోటుకే పోవాలి, మధ్యలో రెండు ఆస్పత్రి బోర్డులు కనబడినా సరే. ఇంజెక్షనుకి గడువు 4.5 గంటలు. ఆ గంటల లెక్క మొదలయ్యేది మీరు చూసినప్పటి నుంచి కాదు, మనిషి ఆఖరుసారి బాగా ఉన్నప్పటి నుంచి. రాత్రి 10కి పడుకుని పొద్దున్న 5కి మూతి వంకరతో లేస్తే లెక్క రాత్రి 10 నుంచే. ఆ టైము చీటీ మీద రాసి జేబులో పెట్టండి, క్యాజువాలిటీలో మొదటి ప్రశ్న అదే.

ఇంకో పని, బయల్దేరే ముందు గ్లూకోమీటరుంటే షుగరు చూడండి. షుగరు బాగా పడిపోయినా ఒక పక్క చచ్చుబడినట్టే కనబడొచ్చు.

108_ఈఎంటీ

ఫోన్ చేసేటప్పుడు "మా నాన్నకి బాగోలేదు, తొందరగా రండి" అని పెట్టీకండి. మండలం, ఊరు, రోడ్డు మీద గుర్తు చెప్పాలి. మన దగ్గర ఒకే పేరుతో ఊళ్ళు బోలెడు. కొత్తూరంటే ఏ కొత్తూరు? తర్వాత ఊపిరెలా ఉంది, పలుకుతున్నారా లేదా అన్నది. ఫోన్ చేసిన నంబరుకే మేం తిరిగి చేస్తాం, దాన్ని ఎంగేజ్ చేసి చుట్టాలందరికీ కబురు చెప్పకండి. వీధి మలుపులో టార్చి పట్టుకుని ఒకర్ని నిలబెడితే రాత్రి పూట చాలా కలిసొస్తుంది.

108లో రెండు రకాల బళ్ళున్నాయి. మామూలు దాంట్లో ఆక్సిజను, స్ట్రెచరు, ప్రథమ చికిత్స. అడ్వాన్స్‌డు దాంట్లో వెంటిలేటరు, షాకు యంత్రం కూడా. ఛాతీ నొప్పి, ఊపిరి ఇబ్బంది అని మొదటి మాటలోనే చెప్తే అందుబాటుని బట్టి దాన్ని పంపుతారు.

బండి దూరంలో ఉందని చెప్తే, మనిషి పలుకుతూ ఊపిరి బాగానే తీస్తుంటే సొంత వాహనంలో ఎదురు రావొచ్చు. దారిలో కలిసి ఎక్కించుకుంటాం, ఆ సంగతి ఫోన్లో చెప్పండి. యాక్సిడెంటులో మెడ, నడుం మీద దెబ్బ తగిలినవాళ్ళని మాత్రం ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దు.

ఇజీనారం_బావు

యాక్సిడెంటు కేసుల్ని ముట్టుకుంటే పోలీసు స్టేషను చుట్టూ తిరగాలి కదేటి? ప్రైవేటోళ్ళు ఎఫ్ఐఆర్ లేందే చెయ్యెయ్యరు.

డ్యూటీ_ఎంవో

రెండూ పాత మాటలే. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకి ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ప్రైవేటు డాక్టరుకీ అది వర్తిస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, సెక్షన్ 134ఎ, తీసుకొచ్చినవాళ్ళకి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025లో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి ప్రమాదం రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు వైద్యం ఉంది. ఎంఎల్‌సీ (పోలీసులకి పంపే కేసు కాగితం) రాయడం ఆస్పత్రి పని, మీది కాదు.

తలకి దెబ్బ తగిలితే ఎప్పుడు సీటీ కావాలో చెప్తాను. కాసేపైనా స్పృహ తప్పితే, ఒకటికి మించి వాంతులైతే, జరిగింది గుర్తు లేకపోతే, చెవి లేక ముక్కు నుంచి నీళ్ళలాంటిది కారితే, ఒక కంటి పాప పెద్దదైతే. 65 దాటినవాళ్ళూ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళూ చిన్న దెబ్బకైనా చూపించుకోవాలి. తాగి ఉన్నవాళ్ళ విషయంలో "మత్తులో ఉన్నాడు, పొద్దున్నకి లేస్తాడు" అని వదిలేయడమే పెద్ద తప్పు. మత్తూ, మెదడులో రక్తస్రావమూ పైకి ఒకేలా కనబడతాయి.

స్టాఫ్_సిస్టర్

పాముకాటు గురించి ఎవరూ రాయలేదేంటి? వరినాట్లప్పుడు, కోతలప్పుడు రోజూ ఉండేదే.

దీనికి నియమం వేరు. పీహెచ్‌సీలో పాముకాటు మందు (ఏఎస్‌వీ) ఉంటే తిన్నగా అక్కడికే, పెద్దాస్పత్రికి పరుగెత్తొద్దు. ఫోన్ చేసి "ఏఎస్‌వీ ఉందా, డాక్టరున్నారా" అని రెండు ముక్కలు అడిగి బయల్దేరండి. లక్షణాలుంటే మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). చిన్న పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము ఎక్కించే విషం పిల్లలకని తగ్గదు. అందులో సగమే ఉన్నా మొదలుపెట్టి పంపించమనండి. మందు పడనివాళ్ళకి దద్దుర్లు, ఆయాసం రావొచ్చు, అందుకే దానికి విరుగుడు అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని మరీ ఎక్కిస్తారు.

రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డ కట్టదు. దాన్ని తెలుసుకునే పరీక్షకి యంత్రం అక్కర్లేదు. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత ఒంపితే ద్రవంగా జారిందంటే విషం ఎక్కినట్టు. చాలాచోట్ల తేడా కొట్టేది గొట్టం దగ్గరే. ప్లాస్టిక్కుది వాడతారు, లేదా గాజుదే సబ్బు పొడితో కడిగినది వాడతారు. గాజు గోడ తగిలితేనే రక్తం గడ్డ కట్టడం మొదలవుతుంది, ప్లాస్టిక్కులోనూ సబ్బు పట్టిన గాజులోనూ అది జరగదు. విషం లేకపోయినా ఉన్నట్టు చూపించి వయల్స్ దండగవుతాయి. పెట్టెలోంచి తీసిన కొత్త గాజు గొట్టం ఉందా అని అడగడం తప్పేం కాదు.

కట్లపాము వేరే రకం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, గాటు కనబడదు, వాపుండదు. తెల్లారుజామున కడుపు నొప్పి, వాంతి, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. దీన్ని కడుపు నొప్పని సూది వేసి ఇంటికి పంపితే మధ్యాహ్నానికి ఊపిరి ఆగుతుంది. నేల మీద పడుకుని లేచి కడుపు నొప్పి అన్నవాళ్ళని "రెప్పలు పైకెత్తి ఉంచు" అని ఒక నిమిషం చూడండి. ఎత్తలేకపోతే వెంటిలేటరున్న చోటుకి, దారిలో ఏఎస్‌వీ ఎక్కుతూ ఉండాలి.

తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఉంగరం, గాజులు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే అవి కోసి తీయాల్సొస్తుంది. కరిచిన కాలో చెయ్యో కర్రముక్కకి కట్టి కదలకుండా ఉంచండి, నడిపించకండి. బండి రాని చోట మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవడం నయం. పాముని చంపి సంచిలో తేవక్కర్లేదు. ఫోటో దొరికితే సరే, దాని కోసం వెతుకుతూ ఆగొద్దు. ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలి.

రామాలయం_వీధి

సిస్టర్‌గారూ, పురుగుమందు తాగినవాళ్ళకి ఉప్పునీళ్ళు పట్టించి కక్కించడం కరెక్టేనా?

స్టాఫ్_సిస్టర్

కాదు. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టలు విప్పి ఒళ్ళు, జుట్టు సబ్బుతో కడగండి, కడిగేవాళ్ళు చేతులకి కవర్లు తొడుక్కోండి. ఖాళీ డబ్బా వెంట తేవాలి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివైతే విరుగుడుగా అట్రోపిన్ పని చేస్తుంది. గడ్డిమందు పారాక్వాట్ అయితే అట్రోపిన్ వల్ల ఉపయోగం లేదు, పైగా అవసరం లేకుండా ఆక్సిజను పెడితే ఊపిరితిత్తులకి హాని. డబ్బా లేకపోతే డాక్టరు చీకట్లో వెతుక్కోవాలి. తాగినవాళ్ళు బాగానే మాట్లాడుతున్నారని ఇంట్లో ఉంచకండి. పారాక్వాట్ తాగినవాళ్ళు మొదటిరోజు మామూలుగానే ఉంటారు.

డయాలసిస్_టెక్

ఉద్దానం వైపు కాబట్టి ఇది తప్పకుండా రాయండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ఎటు చూసినా కిడ్నీ వాళ్ళే. డయాలసిస్ పేషెంటు ఒక సెషను తప్పాక "కాళ్ళలో సత్తువ లేదు, గుండె దడగా ఉంది" అంటే అది నీరసం కాదు, పొటాషియం పెరిగినట్టు అనుకోవాలి. గుండె ఏ క్షణమైనా ఆగొచ్చు. ముందు ఈసీజీ ఉన్న చోటుకి, అక్కడ క్యాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్‌తో గ్లూకోజు వేస్తే కాసేపు ఆగుతుంది, ఆలోగా డయాలసిస్‌కి. పలాసలో 2023 డిసెంబరు నుంచి కిడ్నీ రీసెర్చి సెంటరు, 200 పడకల ఆస్పత్రి ఉన్నాయి కాబట్టి అటువైపు వాళ్ళు ముందు అక్కడికే ఫోన్ చేయొచ్చు.

నీరసమంటే మనవాళ్ళు చేసే మొదటి పని బోండాం కొట్టి ఇవ్వడం. చెట్టు గుమ్మంలోనే ఉంటుంది మరి. ఒక బోండాం నీళ్ళలో 500 మిల్లీగ్రాముల పైనే పొటాషియం ఉంటుంది. డయాలసిస్ వాళ్ళకి అది మందు కాదు, విషం. ఓఆర్‌ఎస్‌లోనూ పొటాషియం ఉంది, అడక్కుండా తాగించొద్దు.

ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ, సూది, సెలైను కుదరదని రాసి ఆ చేతికే ఒక గుడ్డ కట్టుకుని వెళ్ళండి, హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. ఫిస్టులా నుంచి రక్తం చిమ్మితే కారే చుక్క మీద ఒకే వేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. తువ్వాళ్ళు చుట్టేస్తే లోపల కారుతున్నది కనబడదు.

మందులషాపు_తమ్ముడు

అదే ఊపులో షుగరు గురించి. 70 కంటే తక్కువై, చెమటలు, వణుకు, చిరాకు ఉంటే 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ మాత్రలు వాడేవాళ్ళకి, అందులోనూ కిడ్నీ పాడైనవాళ్ళకి, పైకొచ్చిన షుగరు రెండు మూడు గంటల్లో మళ్ళీ పడిపోతుంది. మాత్ర ఒంట్లోంచి పోవడానికి రోజు పైనే పడుతుంది. వాళ్ళని తేరుకున్నాక ఇంటికి తీసుకుపోకుండా ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంచాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో పంచదార నీళ్ళు పోయకూడదు. ఇక 300 దాటి వాంతులు, కడుపు నొప్పి, పెద్ద పెద్ద ఊపిర్లు ఉంటే క్యాజువాలిటీ. 300 ఉంది కానీ బాగానే ఉన్నారంటే పొద్దున్న క్లినిక్.

బీపీ కూడా అంతే. 180/110 చూసి భయపడి నాలుక కింద బీపీ తగ్గించే నిఫెడిపిన్ గొట్టం మాత్ర చిదిమి పోయించుకుంటారు. బీపీ ఒక్కసారిగా కిందకి పడి మెదడుకి రక్తం చాలక పక్షవాతం రావొచ్చు. తలనొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక లేకపోతే ఆ అంకె ఒక్కటే ఎమర్జెన్సీ కాదు. అరగంట కూర్చుని మళ్ళీ చూపించుకుని, మర్నాడు డాక్టరు దగ్గర మందు సర్దుకోవాలి.

పిల్లల_వార్డు

పిల్లల విషయంలో జ్వరం అంకె కన్నా ఊపిరి అంకె ముఖ్యం. పిల్ల నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా ఎత్తి పొట్ట కదలిక చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం పెద్దవాళ్ళకి సరే, చంటిపిల్లలకి తప్పొస్తుంది, వాళ్ళ ఊపిరి మధ్యమధ్య ఆగి మళ్ళీ పరిగెడుతుంది. 2 నెలల లోపు 60 లేక ఆపైన, ఏడాది లోపు 50, 5 ఏళ్ళ లోపు 40 ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడినా, మూలుగుతున్నా, పాలు తాగలేకపోయినా క్యాజువాలిటీకే.

3 నెలల లోపు పిల్లకి 100.4 డిగ్రీల జ్వరం ఉంటే రాత్రయినా ఆస్పత్రికే. వాళ్ళకి లోపల ఎంత ఉన్నా పైకి కనబడదు. అంతకన్నా పెద్దపిల్లలకి 102 ఉన్నా జ్వరం దిగిన గంటలో ఆడుతూ, పాలు తాగుతూ, ఒంటేలు పోస్తుంటే పొద్దున్న దాకా ఆగొచ్చు.

పారాసిటమాల్ దగ్గర జరిగే తప్పు రాయండి. కిలోకి 15 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి. 10 కిలోల పిల్లకి 150. ఇప్పుడు సీసా చూడండి: 5 మి.లీ.కి 125 అని ఉంటే 6 మి.లీ., 250 అని ఉంటే 3 మి.లీ., చుక్కల మందు మి.లీ.కి 100 అయితే ఒకటిన్నర. సీసా మారి చెంచా మారకపోతే రెట్టింపు పోతుంది, చుక్కల మందుని సిరప్పు కొలతతో పోస్తే నాలుగింతలు. క్యాజువాలిటీకి వచ్చేటప్పుడు సీసా పట్టుకురండి.

విరోచనాలకి ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒకటి లీటరు నీళ్ళకి, మొత్తం ఒకేసారి కలపాలి. సగం గ్లాసులో మొత్తం పొడి వేస్తే ఉప్పెక్కువై ప్రమాదం. కళ్ళు లోతుకుపోయి, పొట్ట మీద చర్మం గిల్లితే మెల్లగా వెనక్కిపోతుంటే, మగతగా ఉండి తాగలేకపోతే సెలైను అవసరం. జింకు 14 రోజులు: 6 నెలలు దాటితే రోజుకి 20, అంతకన్నా చిన్నవాళ్ళకి 10 మిల్లీగ్రాములు.

రామాలయం_వీధి

డెంగీకి ప్లేట్‌లెట్లు ఎంతుంటే వెళ్ళాలి?

డ్యూటీ_ఎంవో

అంకె ఒక్కదాన్ని పట్టుకోకండి. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గాక, 3 నుంచి 7వ రోజు మధ్యలో. జ్వరం పోయింది, గండం గడిచిందనుకుంటారు. అప్పుడే నాళాల్లోంచి నీరు కారి బీపీ పడిపోతుంది. ఆగని కడుపు నొప్పి, వాంతులు, చిగుళ్ళ రక్తం, చల్లబడిన చేతులు, మగత, ఒంటేలు తగ్గడం: ఇవి కనబడితే ప్లేట్‌లెట్లు లక్షున్నా రావాలి. 40 వేలుండి తింటూ తిరుగుతున్నవాళ్ళని రోజూ క్లినిక్కులో చూపించుకుంటే చాలు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం వద్దు.

స్టాఫ్_సిస్టర్

గర్భిణులకి ఒక ముక్క. బీపీ 160/110, తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ఫిట్సు: పీహెచ్‌సీలోనే ఫిట్సు ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో పిర్రకి 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు వేసి పంపాలి, వేయకుండా పంపితే దారిలో ఫిట్సు వస్తుంది. విజయనగరం వాళ్ళకి ఘోషాస్పత్రి (ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి). ఎడమ పక్కకి పడుకోబెట్టి తీసుకెళ్ళాలి.

కుక్కకాటుకి సబ్బు, పారే నీళ్ళు, 15 నిమిషాలు. పసుపు, కారం, సున్నం ఏదీ వద్దు. టీకా చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. రాత్రయితే పొద్దున్నే మొదటి పనిగా. చర్మం చీలి రక్తం వస్తే గాయంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే ఇంజెక్షను) కూడా పడాలి, అది అన్ని పీహెచ్‌సీల్లో ఉండదు, ముందే అడగండి. ముఖం, మెడ, వేళ్ళ మీద లోతు గాట్లయితే పొద్దున్న దాకా ఆగొద్దు.

ఇజీనారం_బావు

సరే బావు, వైజాగు మాట వెనక్కి తీసుకున్నాం. అయితే మరి ఆగగలిగేవేటో కూడా చెప్పీయండి, నేకపోతే ప్రతోడూ క్యాజువాలిటీలో కూకుంటాడు.

డ్యూటీ_ఎంవో

కాలు మడతపడి నాలుగడుగులు వేయగలిగితే, ఎముక మీద నొక్కితే నొప్పి లేకపోతే ఆగొచ్చు. దగ్గు, జలుబు, చెవి నొప్పి, ఒంటేల్లో మంట, ఆయాసం లేని దద్దుర్లు ఆగొచ్చు. నడుం నొప్పి ఆగొచ్చు, కాళ్ళు బలహీనపడి ఒంటేలు బిగిస్తే మాత్రం ఆ రాత్రే. కుట్లు పడే గాయం 6 నుంచి 8 గంటల లోపు, కాబట్టి అర్ధరాత్రి తెగితే తెల్లారి 6కి వచ్చినా సరిపోతుంది, రక్తం ఆగి ఉంటే.

రామాలయం_వీధి

అందరికీ దండాలు. రేపు టెక్కలి, పలాస, శ్రీకాకుళం, మా పీహెచ్‌సీకి ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడుగుతాం: రాత్రి ఈసీజీ ఉందా, గుండెపోటు ఇంజెక్షను వేస్తారా, రాత్రి సీటీ నడుస్తుందా, ఏఎస్‌వీ ఎన్ని వయల్స్, ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఉందా. జవాబులు పట్టికలో వేసి మూడు నెలలకోసారి మళ్ళీ అడిగి దిద్దుతాం. కింద వరుసలో "స్పృహ తప్పితే మొహాన నీళ్ళు కొట్టి, కాసిని తాగించి, 108కి ఫోన్ చేయండి" అని రాశాం, సరేనా?

108_ఈఎంటీ

"కాసిని తాగించి" కొట్టీయండి. స్పృహ లేనివాళ్ళ గొంతు మూసుకోదు, నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి తీస్తుంటే పక్కకి తిప్పి, గడ్డం కొంచెం పైకెత్తి ఉంచమని రాయండి. ఊపిరి లేకపోయినా, ఎగశ్వాసలా ఎప్పుడో ఒకటి తీస్తున్నా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. 108కి ఫోన్ ఆ వరుసలో మొదటికి తీసుకురండి, స్పీకరు ఆన్ చేసి పక్కన పెడితే ఎలా నొక్కాలో మావాళ్ళు చెప్తూ ఉంటారు.